హుద్‌హుద్‌లో ఊడిపడిన కిటికీ రెక్కతో ల్యాప్‌టాప్ స్టాండ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021 జూలైలో నేను చేసుకున్న ల్యాప్‌టాప్ స్టాండ్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. రోజుకు తొమ్మిది గంటలు దాని ముందే కూర్చుంటాను. ఈ నాలుగేళ్లలో ఒకసారి విరిగింది, ఒకసారి బూజు పట్టింది, స్క్రూలన్నీ ఒకసారి మార్చాల్సి వచ్చింది. ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్లకు, అందులోనూ మన విశాఖలోలా సముద్రం పక్కన ఉండేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు కర్ర గురించి. పెదవాల్తేరులో మా పాత ఇంటి టేకు కిటికీ రెక్క ఒకటి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలికి బందులతో సహా ఊడి పెరట్లో పడింది. చెక్క బాగుందని నాన్న దాన్ని అటక మీద దాచారు. ఏడేళ్ల తర్వాత దించి చిత్రిక పట్టాను. పైనున్న ఆకుపచ్చ పెయింటు, దాని కింద బూడిద రంగు పొర చుట్టలు చుట్టలుగా లేచిపోయి తేనె రంగు కర్ర బయటపడింది. కొత్త తోలుకు దగ్గరగా ఉండే టేకు వాసన రెండు రోజులు గదిలోంచి పోలేదు. అంత పాత కర్ర కాబట్టి ఆరాల్సినంత ఆరిపోయింది, ఈ నాలుగేళ్లలో ఎక్కడా వంగలేదు. మీరు కొత్తగా కొనేటట్టయితే చేవ, అంటే మాను లోపలి ముదురు భాగం, ఉన్న ముక్కే అడిగి తీసుకోండి. అంచున తెల్లగా కనబడే భాగానికి టేకులో అయినా పురుగు పడుతుంది. ప్లైవుడ్ అయితే నీళ్లకు తట్టుకునే ఐఎస్ 710 రకం తీసుకుని అంచులు మూసేయండి.

మొదట చేసినది ఇప్పుడున్న రూపంలో లేదు. ఏదో ఫొటో చూసి, రెండు పక్కలా రెండు ముక్కలు నిలబెట్టి పైన ఒక పలక కొట్టాను. ల్యాప్‌టాప్ జారకుండా పక్క ముక్కల ముందు చివర్లను కొక్కెంలా పైకి లేపి కోశాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. 2022 వేసవిలో ఒక సాయంత్రం ఆఫీసు మీటింగ్ మధ్యలో కుడి కొక్కెం టక్కున విరిగింది, ల్యాప్‌టాప్ జారి నా చేతుల మీద పడింది. చేతులు అక్కడ ఉండబట్టి సరిపోయింది కానీ, లేకపోతే నేల మీదే. ఆ టెన్షన్ వారం రోజులు పోలేదు.

విరిగిన చోట పేళ్లు లేవలేదు, గరుకు లేదు. కత్తితో చీల్చినట్టు నున్నగా ఉంది. పక్కింట్లో తలుపు సరిచేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి గారికి చూపించాను. ఆయన ముక్క అందుకుని చారల వెంట బొటనవేలు నడిపి, "ఇదేటి బాబూ, చార అడ్డంగా వచ్చీసింది. ఇంక కొక్కేనికి బలం ఎక్కడుంటాది?" అన్నారు. సంగతి అదే. కర్ర చారల పొడవునా గట్టిది, చారల మధ్య సులువుగా చీలిపోతుంది. నా కొక్కెంలో చారలన్నీ అడ్డంగా పడ్డాయి, అంగుళం ఎత్తు ముక్కను పట్టుకుని ఉన్నది చారల మధ్య అతుకు మాత్రమే. కొక్కేన్ని విడి బద్దగా చేసి, చార పొడవునా వచ్చేలా పెట్టి, జిగురుతో పాటు స్క్రూ కూడా వెయ్యమన్నారు. మూడేళ్లుగా ఆ బద్ద కదల్లేదు. ఇంకో మాట కూడా చెప్పారు: టేకులో నూనె ఉంటుంది, అందుకే చిత్రిక పట్టిన రోజే జిగురు పెట్టాలి, పెట్టేముందు స్పిరిట్‌తో తుడవాలి. నేను మొదటిసారి ఈ రెండూ చెయ్యలేదు, అతుకులు కూడా అప్పటికే వదులయ్యాయి.

ఎలాగూ విప్పాను కదా అని మొత్తం మళ్లీ చేశాను. ఈసారి కొలతలు ఫొటోలోంచి తీసుకోలేదు. కుర్చీలో మామూలుగా ఎలా కూర్చుంటానో అలా కూర్చుని, బల్ల మీంచి కంటి వరకు మా అమ్మాయి చేత టేపు పట్టించాను. 18 అంగుళాలు వచ్చింది. తెరిచిన ల్యాప్‌టాప్ స్క్రీన్ పై అంచు బల్లకు 9 అంగుళాల ఎత్తులో ఉంది. పై అంచు కంటికి సమంగానో, కాస్త కిందగానో ఉండాలి కాబట్టి 8 అంగుళాలు లేపాను. మొదటి స్టాండ్ లేపింది 4 అంగుళాలే. అంటే ఏడాది పాటు స్టాండ్ వాడుతూ కూడా మెడ వంచుకునే కూర్చున్నాను! ఈ ఒక్క కొలత సరిగ్గా తీసుకుంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. సాయంత్రానికి మెడ వెనక పట్టేసే నొప్పి నాకు రెండు నెలల్లో తగ్గింది. అయితే ఇంత ఎత్తున ల్యాప్‌టాప్ కీబోర్డు మీద టైప్ చెయ్యడం కుదరదు, భుజాలు లేచిపోతాయి. విడిగా కీబోర్డు, మౌస్ పెట్టుకోవాల్సిందే.

పై పలక కూడా తీసేశాను. ల్యాప్‌టాప్ ఫ్యాను గాలి లాక్కునే రంధ్రాలు అడుగునే ఉంటాయి, పలక వాటిని మూసేసేది. చెక్క వేడిని బయటికి పోనివ్వదు కూడా. మే నెలలో ఫ్యాను గోల భరించలేకపోయేవాణ్ని. ఇప్పుడు ల్యాప్‌టాప్ రెండు అంచులు మాత్రమే చెక్క మీద ఆనుతాయి, మధ్యంతా ఖాళీ. ఫ్యాను తిరుగుతుంది కానీ చప్పుడు వినిపించేది అరుదు. ఆనే చోట మొదట సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాను, ఏడాదికి అవి మెత్తబడి ల్యాప్‌టాప్ అడుగున నల్ల మరకలు చేశాయి. పాత బెల్టు తోలు కోసి పెట్టాక ఆ బాధ లేదు.

స్క్రూల విషయం మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మా కిటికీ గ్రిల్స్‌కు రెండేళ్లకోసారి రంగు వెయ్యకపోతే పొట్టు లేస్తాయి. అలాంటి గాలిలో మామూలు ఇనుప స్క్రూలు వాడాను. విప్పబోతే రెండింటి తలలు తుప్పుకి అరిగి ఉన్నాయి, చుట్టూ కర్ర నల్లబడింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఇత్తడి స్క్రూలు కొన్నాను. ఇత్తడి మెత్తన, నేరుగా తిప్పితే తల తెగిపోతుంది. ముందు బర్మాతో రంధ్రం చేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి తిప్పి తీసేసి, ఆ తర్వాత ఇత్తడిది కొవ్వొత్తి మైనంలో ముంచి ఎక్కించాలి. ఇప్పటికి రంగు మాసింది తప్ప వాటికేమీ కాలేదు.

పైపూత నాకు రెండుసార్లు పని పెట్టింది. మొదట అవిసె నూనె రాశాను. రంగు బ్రహ్మాండంగా వచ్చింది, కానీ ఆ వానాకాలంలోనే అడుగున బూజు పట్టింది. ఒక జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది నూనె పొర తీసేసి, లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే పాలిష్ మూడు పూతలు వేశాను. మనకు దగ్గర్లోని ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు పట్టించేది కూడా లక్కే, అక్కడ తిరిగే కర్రకు లక్క కడ్డీ అదిమి ఆ రాపిడి వేడికే కరిగిస్తారు. దాని మెరుపు నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. లక్కకు వేడి పడదు. టీ గ్లాసు పెట్టిన చోట తెల్లటి వలయం పడింది, అక్కడ ఇంకో పూత వేస్తే పోయింది.

ఖర్చు స్క్రూలు, జిగురు, లక్క, ఉప్పుకాగితం అన్నీ కలిపి 640 రూపాయలు. రెండు ఆదివారాలు పట్టింది.

పక్క ముక్కలను కలిపే అడ్డ బద్దలకు జిగురు పెట్టలేదు. గాడి కోసి ఒకదాన్లో ఒకటి దిగేలా చేశాను. వానాకాలంలో కర్ర ఉబ్బి గాడి బిగుసుకుంటుంది, సుత్తి పిడితో తడితే తప్ప రాదు. జనవరిలో చేత్తో లాగితే వచ్చేస్తుంది, స్టాండు కూడా కొద్దిగా ఊగుతుంది. జిగురు పెట్టకపోవడం ఈ మధ్య బాగా కలిసొచ్చింది. ఆఫీసువాళ్లు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తీసుకుని 14 అంగుళాలది ఇచ్చారు, అది రెండు ముక్కల మధ్యలోంచి కిందికి దిగిపోతోంది. అడ్డ బద్దలు విప్పి, ఒకటిన్నర అంగుళం లోపలికి కొత్త గాళ్లు కోసి మళ్లీ దించాను. గంట పని. కొత్త గాడి ఒకటి కాస్త బిగుతుగా ఉంది, వానలు వెళ్లాక చూసి అవసరమైతే ఉలితో ఇంకొంచెం తీస్తాను.