డైవింగ్ మాస్క్‌కు ఆవిరి పట్టకుండా బేబీ షాంపూ: వాడి చూసిన మీదట

స్కూబా డైవింగ్ సామాన్లు అమ్మే దుకాణాలలో మాస్క్ అద్దానికి ఆవిరి పట్టకుండా రాసే జెల్లు, స్ప్రేలు బొటనవేలంత సీసాలలో దొరుకుతాయి, పరిమాణంతో పోలిస్తే వాటి ధర ఎక్కువే. నేను వాటిని పక్కన పెట్టి, మందుల షాపులో అమ్మే జాన్సన్స్ బేబీ షాంపూనే ఋషికొండ తీరంలోనూ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ వాడుతున్నాను. అద్దాన్ని ముందుగా సరిగ్గా సిద్ధం చేసుకున్నవారికి ఈ షాంపూ ఆ జెల్లులకు ఏమాత్రం తీసిపోదు. ఆ పని చేయనివారికి మాత్రం ఏ సీసా కొన్నా డబ్బు దండుగే.

చల్లటి నీళ్లలో దిగినప్పుడే మాస్క్ మసకబారుతుందని, మన వెచ్చటి సముద్రాలలో ఆ బెడద ఉండదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. డైవింగ్ మాస్క్ ముక్కును కూడా కప్పి ఉంచుతుంది, ముక్కు నుంచి దానిలోకి వచ్చే గాలి సుమారు 34 డిగ్రీల వేడితో, దాదాపు నిండుగా తేమతో ఉంటుంది. అద్దానికి అవతల ఉన్న నీరు 28 డిగ్రీలున్నా ఆ తేమ చల్లబడి అద్దం లోపలి వైపు సన్నని బిందువులుగా పేరుకోవడానికి ఆ తేడా చాలు. వేడి అన్నం గిన్నె మూత తీసినప్పుడు కళ్లజోడుకు పట్టేదీ ఇదే. పైగా లోతుకు వెళ్లేకొద్దీ ఒక్కసారిగా చల్లటి నీటి పొర తగలవచ్చు, అంతవరకూ స్వచ్ఛంగా ఉన్న అద్దం అక్కడే తెల్లబడుతుంది. షాంపూలోని నురగ పదార్థం నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి, చేరిన తేమ బిందువులుగా నిలవకుండా పలుచని పొరగా పరుచుకుంటుంది. తేమ చేరడం ఆగదు, చూపుకు అడ్డం రావడం ఆగుతుంది.

కొత్త మాస్క్ సంగతి వేరు. తయారీలో మిగిలిన కంటికి కనబడని జిడ్డుపొర ఒకటి అద్దం మీద ఉంటుంది, మాస్క్‌కు ఉన్న సిలికాన్ అంచు నుంచి కూడా అటువంటి పొర చేరుతుంది. ఆ పొర ఉన్నంతకాలం షాంపూ అద్దానికి అంటుకోదు. దానిని పోగొట్టడానికి జెల్ రకం కాని మామూలు తెల్ల టూత్‌పేస్టును అద్దం లోపలి వైపు, బయటి వైపు కూడా రాసి, వేలి కొనలతో మూలమూలలా కొన్ని నిమిషాలపాటు గట్టిగా రుద్ది, గోరువెచ్చని నీటితో కడగాలి. ఒక్కసారితో పని అయిపోతుందని ఆశించవద్దు. కడిగిన అద్దం లోపలి వైపు నోటితో ఊది చూస్తే, పట్టిన ఆవిరి మచ్చలు మచ్చలుగా నిలుస్తున్నంతవరకూ మళ్లీ రుద్దవలసిందే. లైటర్ మంటతో ఆ పొరను కాల్చేసే పద్ధతిని కొందరు డైవ్ మాస్టర్లు, అంటే డైవర్లను వెంట తీసుకెళ్లే గైడ్లు, గట్టిగా సమర్థిస్తారు. టెంపర్డ్ గ్లాస్ (వేడితో గట్టిపరిచిన అద్దం) మీద అది పనిచేసే మాట నిజమే గాని, మంట కాస్త పక్కకు జరిగితే సిలికాన్ పాడవుతుంది కనుక, వేల రూపాయలు పెట్టి కొన్న మాస్క్ మీద ఆ ప్రయోగాన్ని నేను సిఫారసు చేయను. ఆవిరి పట్టకుండా కంపెనీయే లోపలి వైపు పూత వేసి అమ్మే మాస్కులకు టూత్‌పేస్టు, మంట రెండూ పనికిరావు, ఆ పూత ఊడిపోతుంది.

ఇక షాంపూ వాడకం. చిన్న స్ప్రే సీసాలో ఒక వంతు షాంపూకు రెండు మూడు వంతుల నీరు కలుపుకుంటే సరిపోతుంది. పొడిగా ఉన్న అద్దం లోపలి వైపు రెండు చుక్కలు వేసి, వేలితో అంతటా పూసి, నీటిలోకి దిగే ముందు ఒక్కసారి తేలికగా తొలిపితే చాలు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఈ తొలపడం దగ్గరే. నురగ పూర్తిగా పోయేదాకా కడిగితే పని చేయవలసిన పొర కూడా పోతుంది, అసలు కడగకపోతే కళ్లు మండుతాయి. పసిపిల్లల కోసం చేసిన షాంపూ కాబట్టి మంట స్వల్పమే గాని, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు ఒకటికి రెండుసార్లు తొలపడం మంచిది. తొలిపిన నీటిని సముద్రంలో కాకుండా పడవ మీది బకెట్‌లో వంపడం మర్యాద. పూసిన తరువాత మాస్క్‌ను నుదుటి మీదికి నెట్టుకుని కూర్చుంటే చెమట, సన్‌స్క్రీన్ జిడ్డు అద్దానికి అంటి చేసిన పని అంతా వృథా అవుతుంది. దానిని మెడలో వేలాడదీసుకోవాలి.

డైవర్లందరికీ తెలిసిన ఉచిత మందు ఉమ్మి. అందులోని మ్యూసిన్ అనే ప్రోటీన్లు షాంపూ చేసే పనే కొంతవరకు చేస్తాయి, తక్కువసేపు దిగేవారికి అది చాలు కూడా. అయితే పడవలో అందరూ ఉమ్మిన మాస్కులను ఒకే బకెట్‌లో ముంచే ఆచారం నాకు మొదటి నుంచీ ఏవగింపే. దుకాణపు జెల్లులు చిక్కగా ఉండి ఒకే రోజు వరుసగా రెండు డైవ్‌లు చేసేవారికి కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి. షాంపూను మాత్రం ప్రతి డైవ్‌కూ మళ్లీ పూసుకోవాలి. ఆ చిన్న శ్రమకు ఇష్టపడితే, ఒక మామూలు సీసా ఒక మనిషికి ఎన్నో సీజన్లు వస్తుంది.

నీటి అడుగున అస్తమానం ముక్కుతో గాలి వదిలే అలవాటు ఉన్నవారి మాస్క్‌ను ఏ షాంపూ కాపాడలేదు. అటువంటప్పుడు డైవింగ్ తొలి శిక్షణ అయిన ఓపెన్ వాటర్ కోర్సులో నేర్పిన విధంగా మాస్క్‌లోకి కొద్దిగా నీరు రానిచ్చి, తల కదిపి అద్దాన్ని తడిపి, పై అంచును నొక్కి పట్టి ముక్కుతో గాలి వదిలి ఆ నీటిని బయటికి పంపాలి. మీసాలున్న మగవారికి మాస్క్ అంచు సరిగ్గా అతకక ఆ నీరు ఎలాగూ కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది, అదొక విధంగా వారికి కలిసివచ్చే సంగతి. డైవింగ్ కేంద్రం అద్దెకిచ్చే మాస్క్‌తో ఒక్కసారి దిగి చూద్దామనుకునేవారు షాంపూ కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టనక్కరలేదు. పలుమార్లు వాడిన అద్దం కాబట్టి దానిమీది తొలి జిడ్డు ఈపాటికి పోయే ఉంటుంది, పూసే ద్రావణం ఏదో ఒకటి అక్కడివారి దగ్గర ఉందేమో అడిగితే సరిపోతుంది.