నాలుగేళ్లలో మూడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు: నా నడుము అనుభవం

నా వయసు 69. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాను. ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో నిలబడి పాఠాలు చెప్పాను. నడుము నొప్పి అప్పటిదే. అయిదేళ్ల కిందట మాత్రం ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగడం మొదలైంది. రైతు బజారుకు వెళ్లే దారిలో రెండుచోట్ల ఎవరి అరుగు మీదో కూర్చుంటే తప్ప కాలు కదిలేది కాదు. ముందుకు వంగితే హాయి, నిటారుగా నిలబడితే మంట. ఎమ్మారై తీసి, వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైందన్నారు. మాత్రలు, బెల్టు అయ్యాక ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్, అంటే వెన్నులో నరాల చుట్టూ వాపు తగ్గించే మందును సూదితో ఎక్కించడం, దగ్గరికి వచ్చాను.

బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టారు. చర్మానికి మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదిని లోపలికి పోనిచ్చారు. మందు ఎక్కుతున్నప్పుడు నా పాత నొప్పే, అదే పిరుదు, అదే పిక్క, జివ్వున లాగింది. "రోజూ వచ్చే నొప్పేనా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. "అదేనండీ" అన్నాను. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

మూడు రోజులు తేడా తెలియలేదు. నాలుగో రోజు పాల ప్యాకెట్టు తెచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, దారిలో ఎక్కడా ఆగలేదని తట్టింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

కానీ ఒక సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. నాకు పన్నెండేళ్లుగా షుగరు. పరగడుపున 130 దాటేది కాదు. ఇంజెక్షన్ మర్నాడు ఉదయం 286. మీటరు చెడిపోయిందనుకుని మరో వేలికి గుచ్చుకున్నాను, 291. మామూలు స్థాయికి దిగడానికి ఆరు రోజులు పట్టింది. స్టెరాయిడ్ లోపలికి వెళ్తే షుగరు పెరగడం మామూలేనట. రెండోసారి నేనే ముందుగా షుగరు డాక్టరుగారితో మాట్లాడి, ఆ వారానికి షుగరు మందు మోతాదు రాయించుకున్నాను. షుగరు ఉన్నవాళ్లు దయచేసి ఇది అడగకుండా బల్ల ఎక్కవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ ముందే చెప్పాలి, సొంతంగా మానేయకూడదు.

కాలి లాగుడు తగ్గినంతగా నడుము నొప్పి తగ్గలేదు. పొద్దున్న లేవగానే ఉండే బిగుతు మూడు ఇంజెక్షన్ల తర్వాతా అలాగే ఉంది. ఒట్టి నడుము నొప్పికే దీన్ని చేయించుకోవాలనుకునేవాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నా మాట.

మొదటి ఇంజెక్షన్ నాలుగు నెలలు పనిచేసింది. నొప్పి లేదు కదా అని నీళ్ల బిందెలు ఎత్తాను, వ్యాయామం ఊసెత్తలేదు. రెండోసారి పదో రోజు నుంచే ఫిజియోథెరపీకి వెళ్లాను. మోకాళ్లు పొట్టకు ఆనించడం, పిరుదులు ఎత్తి నిలపడం, సాయంత్రం బీచ్ రోడ్డులో నడక. అది తొమ్మిది నెలలు వచ్చింది. మందు అదే, మోతాదు అదే. తేడా ఆ వ్యాయామానిదేనని నా నమ్మకం. మూడోది ఆరు వారాలే నిలిచింది. రెండు రాత్రులు నిద్ర లేదు, ముఖం ఎర్రగా కందింది.

నాలుగోది అడిగే ముందు మా అబ్బాయి 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చదివి వినిపించాడు. నాలాగే నరాల దారి ఇరుకైన, యాభై దాటిన 400 మందిలో కొందరికి స్టెరాయిడ్ కలిపిన మత్తుమందు, మిగతావారికి ఒట్టి మత్తుమందు ఇచ్చారు. ఆరు వారాలకు చూస్తే తేడా దాదాపు లేదు. నాకు వచ్చిన ఉపశమనం అబద్ధం కాదు, కానీ అది స్టెరాయిడ్ వల్లనే అని ఇప్పుడు గట్టిగా అనలేను. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఈ ఇంజెక్షన్ల వల్ల అరుదుగా పక్షవాతం, చూపు పోవడం వంటివి జరగవచ్చని హెచ్చరించింది. మాటిమాటికీ వాడితే ఎముకలూ గుల్లబారవచ్చు. నా వయసు ఆడవాళ్లకు అది చిన్న విషయం కాదు. మూత్రం అదుపు తప్పినా, తొడల నడుమ మొద్దుబారినా, పాదం వాలిపోయినా ఇంజెక్షన్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నాలుగోది వద్దనుకున్నాను. వ్యాయామం మానలేదు. ఒకప్పుడు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేదాన్ని. ఇప్పుడు ఆషాఢంలో ఆ భక్తులు మా కాలనీ మీదుగా వెళ్తుంటే మజ్జిగ పోస్తాను. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఏడాది పది నిమిషాలకే కూలబడ్డాను. ఈ ఏడాది ఎత్తు పీట వేసుకుని, కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని, రెండు బిందెల మజ్జిగ అయ్యేదాకా పోశాను.