పాత ఫోన్‌ను నేరుగా అమ్మాలా, రీఫర్బిష్డ్ సంస్థకు ఇవ్వాలా, ఎక్స్ఛేంజిలో పెట్టాలా: ఏది మేలు?

బాగా పనిచేస్తున్న ఫోన్‌ను మార్చాలనుకునేవారికి నేడు మూడు దారులున్నాయి. ఓఎల్ఎక్స్ వంటి వేదికలోనో, హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి బజారులోనో అమ్ముకోవచ్చు. పాత ఫోన్లను పరీక్షించి, బాగుచేసి మళ్లీ అమ్మే క్యాషిఫై వంటి రీఫర్బిష్డ్ సంస్థకు ఇవ్వవచ్చు. లేదా కొత్తది కొనేటప్పుడే ఎక్స్ఛేంజి కింద అప్పగించవచ్చు. చేతికొచ్చే డబ్బు ఎంతన్నది ఒక లెక్క అయితే, ఆ ఫోన్ ఇంకెన్నేళ్లు ఒకరికి పనికొస్తుందన్నది మరో లెక్క. ఇక్కడ ప్రధానంగా చూడవలసింది రెండోదే.

ఎందుకంటే ఒక స్మార్ట్‌ఫోన్ వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే వెలువడిపోతుంది. ఐఫోన్ల విషయంలో ఈ వాటా సుమారు 80 శాతమని ఆపిల్ పర్యావరణ నివేదికలే చూపుతున్నాయి. కోబాల్ట్, రాగి, బంగారం తవ్వడానికీ, చిప్పులు తయారుచేయడానికీ అయిన ఖర్చును భూమి ఒకసారి భరించేసింది కాబట్టి, అదే ఫోన్ మరో రెండు మూడేళ్లు పనిచేస్తే ఆ ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుంది. అయితే ఆ పాత ఫోన్ కొన్నవారు దానివల్ల కొత్తది కొనడం మానుకున్నప్పుడే ఇది నిజమైన ఆదా అవుతుంది. మూడు దారుల మధ్య తేడా తేలేది సరిగ్గా ఇక్కడే.

నేరుగా అమ్మితే ఆ ఫోన్ చాలావరకు అవసరమున్న మనిషికే చేరుతుంది, మధ్యవర్తి వాటా లేనందున అమ్మేవారికి మంచి ధర వస్తుంది, ఒకే ఊళ్లో చేతులు మారితే రవాణా కూడా ఉండదు. లోపమల్లా నమ్మకానిది. వారంటీ ఉండదు, దొంగ ఫోనేమోనన్న భయం ఉంటుంది. కొనేవారు *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్య (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) తెలుసుకుని, కేవైఎం అని ఆంగ్లంలో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ సంఖ్యను రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే, అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలిసిపోతుంది. అమ్మేవారు బిల్లు ఇవ్వడం, గూగుల్ ఖాతా తొలగించి ఫ్యాక్టరీ రీసెట్ చేయడం కనీస మర్యాద.

రీఫర్బిష్డ్ సంస్థ ఇచ్చే ధర తక్కువే. కానీ పరీక్షించి, అవసరమైన విడిభాగాలు మార్చి, కొన్ని నెలల వారంటీతో అమ్ముతుంది కాబట్టి, పాత వస్తువంటే వెనకాడే కుటుంబాలు కూడా ధైర్యంగా కొంటాయి. కొత్త ఫోన్ కొనుగోలును ఆపే శక్తి ఈ దారికే ఎక్కువని నా అభిప్రాయం.

ఎక్స్ఛేంజి అన్నిటికన్నా సులువు, పర్యావరణపరంగా అన్నిటికన్నా బలహీనం. ఇచ్చిన ఫోన్ మరొకరి చేతికి వెళ్లిందో, విడిభాగాల కింద విడిపోయిందో ఇచ్చినవారికి తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కేమిటంటే, ఆ తగ్గింపు ఆశతోనే ఇంకో ఏడాది నడిచే ఫోన్‌ను ముందుగానే మార్చేస్తాం. కొత్తది కొనక తప్పదని ముందే తేల్చుకున్నవారికి మాత్రమే ఇది తగినది.

ఏ దారి ఎంచుకున్నా బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ రెండూ రెండో జీవితపు పొడవును నిర్ణయిస్తాయి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఉంది. ఇలాంటి ఫోన్‌ను మూడేళ్ల తర్వాత అమ్మినా కొన్నవారికి నాలుగేళ్ల భద్రత మిగులుతుంది. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌ను బ్యాంకు లావాదేవీలకు వాడమని ఇతరులకు అంటగట్టడం తప్పు.

పూర్తిగా పాడైనదాన్నే రీసైక్లింగ్‌కు పంపాలి. 2022లో ప్రపంచంలో పోగైన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైనవి 22.3 శాతమే. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచి లోహాలు తీసే కార్మికుల ఊపిరితిత్తులను తలచుకుంటే, అలాంటి ఫోన్‌ను పాత సామాన్ల వారికి వేయకుండా ప్రభుత్వ నమోదు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.