ట్వీడ్ ఒడ్డు చేల దారుల్లో సైకిల్ టూరింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

స్కాట్లండ్‌లో సైకిల్ టూర్ అనగానే మనవాళ్ల చూపంతా ఉత్తరాన ఉన్న కొండల మీదికే పోతుంది. గ్లెన్‌కో, స్కై ద్వీపం, పెద్ద పెద్ద సరస్సులు. చూడాల్సినవే, కాదనను. కానీ సామాను కట్టుకుని రోజంతా హాయిగా తొక్కాలంటే మాత్రం నేను దక్షిణాన ట్వీడ్ నది చుట్టూ ఉన్న వ్యవసాయ భూములనే చెబుతాను. ఎడిన్‌బరాలో ఉంటూ కొన్నేళ్లుగా, ఎండా చలీ అనకుండా, మెల్‌రోజ్ నుంచి కెల్సో, కోల్డ్‌స్ట్రీమ్ మీదుగా బెరిక్ దాకా ఈ దారుల్లో తిరుగుతున్నాను. దారి గురించీ, దానికి సరిపడే సైకిల్ గురించీ ఇన్నాళ్లకు నాకు రూఢిగా తెలిసినవి రాస్తున్నాను.

ముందు దారి సంగతి. ఇది చదునైన నేల కాదు, కొండలూ కావు. అంతా మిట్టపల్లాలు. ఒక మిట్ట ఎక్కితే అటు పక్క గోధుమ చేలు, ఇటు పక్క గొర్రెలు, ఎదురుగా మళ్లీ ఇంకో మిట్ట. దేనికదే చిన్నదే, కానీ రోజు మొత్తం మీద కాళ్లకు బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా గట్టి ఎక్కుడు లీడర్‌ఫుట్ దగ్గర మొదలవుతుంది. 19 కమానుల పాత రైలు వంతెన పక్కనుంచి కదిలి బెమర్‌సైడ్ కొండ మీదికి ఎక్కాలి. పైన స్కాట్స్ వ్యూ అనే చోట ఆగితే కింద మెలిక తిరిగిన ట్వీడ్, దాని వెనక ఐల్డన్ కొండల మూడు శిఖరాలు. 1832లో నవలా రచయిత వాల్టర్ స్కాట్ పార్థివ దేహాన్ని డ్రైబరాకు తీసుకెళ్తుంటే, ఆయన ఎప్పుడూ ఆగే ఈ చోటే గుర్రాలు వాటంతటవే ఆగిపోయాయని చెప్పుకుంటారు. అందులో నిజమెంతైనా, ఆ ఎక్కుడు ఎక్కాక ఎవరైనా ఆగాల్సిందే. అక్కడి నుంచి డ్రైబరా మఠం శిథిలాల దాకా దాదాపు అంతా దిగుడే. స్కాట్ సమాధి అక్కడే ఉంది, ఓ అరగంట కేటాయించండి.

ఇలాంటి నేలకు సైకిల్లో మొదట చూడాల్సింది చిన్న గేరు. నాది స్టీలు ఫ్రేమ్ టూరింగ్ సైకిల్, ముందు పెడల్ దగ్గర మూడు పళ్ల చక్రాలు. అన్నిటికన్నా చిన్నదానికి 26 పళ్లు, వెనక పెద్దదానికి 34. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ముప్పాతిక చుట్టే తిరుగుతుంది. నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో, సీటు మీంచి లేవకుండా, మోకాళ్ల మీద భారం పడకుండా మిట్ట ఎక్కేయొచ్చు. షాపులో కొత్త సైకిల్ కొనేటప్పుడు బరువు ఎంత తక్కువో చెబుతారు కానీ ఈ లెక్క ఎవరూ చెప్పరు. వెనక రెండు బ్యాగులు, టెంటు, వంట సామాను కట్టాక సైకిల్ ఒక కిలో తక్కువా ఎక్కువా అన్నది పెద్దగా తెలియదు. గేరు చాలకపోతే మాత్రం ప్రతి మిట్ట దగ్గరా తెలుస్తుంది. స్టీలు బరువే, అయినా నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. నిండా సామాను ఉన్నా దిగుడులో హ్యాండిల్ వణకదు.

మిట్టల కన్నా గాలి కష్టం. ఇక్కడ ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, చేల మధ్య దాన్ని ఆపేదేమీ ఉండదు. ఎదురుగాలిలో చదును నేల కూడా ఎక్కుడే. అందుకే వీలైనంత వరకు పడమర నుంచి తూర్పుకు, అంటే మెల్‌రోజ్ నుంచి బెరిక్ వైపు వెళ్లమంటాను. దూరం 50 మైళ్ల లోపే కాబట్టి గట్టివాళ్లు ఒక్క రోజులో ముగించగలరు. నన్నడిగితే రెండు మూడు రోజులు పెట్టుకోండి.

కెల్సో దాటాక నేల తీరు మారుతుంది. మెర్స్ అని పిలిచే ఈ మైదానం స్కాట్లండ్‌లో మంచి సారవంతమైన భూముల్లో ఒకటి. మే నెలలో రేప్‌సీడ్ అనే నూనెగింజల పంట విరగబూసి మిట్టలన్నీ పచ్చటి పసుపు రంగులో ఉంటాయి. జులై చివరికి బార్లీ చేలు తెల్లబారి, ఆగస్టులో కోతలు మొదలవుతాయి. చేల మీద తిరిగే పక్షి ఒకటి మన తీతువుకు దగ్గరి చుట్టమే, నెత్తిన పొడుగాటి జుట్టు ఉంటుంది. వసంతంలో అది గాల్లో పల్టీలు కొడుతూ అరుస్తుంటే నేను తొక్కడం ఆపేసి చూస్తాను. దారులు చాలా చోట్ల ఒక్క బండికి సరిపోయేంతే. గంటలో రెండు మూడు కార్లు, ఒక ట్రాక్టరు. ట్రాక్టరు వస్తోందని తెలిస్తే పాసింగ్ ప్లేస్‌లో, అంటే ఎదురు బండికి దారివ్వడానికి రోడ్డును వెడల్పు చేసిన చోట, పక్కకు జరిగి ఆగండి. డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీయకుండా చూపుడు వేలు మాత్రం పైకెత్తుతాడు. అదే థాంక్స్. మీరూ చెయ్యి ఎత్తండి. ఆ ఊళ్లలో దానికి చాలా విలువ ఉంది.

నది వెంట తప్పక ఆగాల్సినవి రెండు చెబుతాను. ఒకటి లేడీకర్క్ చర్చి. ట్వీడ్‌లో మునిగిపోబోయి బయటపడ్డ స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్, నిప్పుకూ నీటికీ చెడని గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట. 1500లో పని మొదలైంది. పైకప్పుతో సహా అంతా రాయే. రెండోది యూనియన్ చెయిన్ బ్రిడ్జి. 1820లో శామ్యూల్ బ్రౌన్ కట్టిన ఇనప గొలుసుల వంతెన, పెద్ద మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తెరిచారు. సగంలో ఆగి పక్కనున్న కడ్డీ మీద చెయ్యి పెట్టి, ఒక కారు వంతెన మీదికి వచ్చేదాకా ఉండండి. వంతెన కదలడం అరచేతికి తెలుస్తుంది.

ఆ వంతెన దాటితే ఇంగ్లండ్. టెంటు వేసుకునేవాళ్లకు ఇది ముఖ్యం. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణల చట్టం ప్రకారం, ఎవరికీ ఇబ్బంది లేకుండా, శుభ్రంగా ఉంచే షరతు మీద చాలా చోట్ల రాత్రి గడపొచ్చు. అవతలి ఒడ్డున ఆ హక్కు లేదు. ఇవతల కూడా పైరు ఉన్న చేలోనూ, పశువులున్న కంచెలోనూ టెంటు వేయకూడదు. ఇదంతా వ్యవసాయ భూమి కాబట్టి నేనైతే క్యాంప్‌సైటే ముందుగా చూసుకుంటాను, లేదా రైతును అడుగుతాను. ఇంతవరకు అడిగిన ఎవరూ నాతో కటువుగా మాట్లాడలేదు.

ఇక ఇబ్బందులు. సెప్టెంబరు నుంచి దారి పక్క కంచెలు కత్తిరిస్తారు. అవి హాథార్న్ అనే ముళ్ల పొదల కంచెలు, ముళ్లు టైరులోంచి సూదిలా దిగుతాయి. పంక్చర్ రక్షణ పొర ఉన్న 37 మిల్లీమీటర్ల టైర్లకు మారాక నాకు టెన్షన్ చాలా తగ్గింది, అయినా రెండు ట్యూబులు లేకుండా బయల్దేరను. బంగాళదుంపలు తవ్వే కాలంలో రోడ్డంతా బురద, మలుపుల్లో చక్రం జారుతుంది. పేడ కూడా ఉంటుంది. కాబట్టి పూర్తి మడ్‌గార్డులు, మూతి మీద మూత ఉండే నీళ్ల సీసా తప్పనిసరి. చక్రం చిమ్మిన మురికి సీసా మూతి మీద పడితే కడుపు పాడవుతుంది.

తిండి విషయంలో శాకాహారులకు ఒక మాట. ఊరి కెఫేలో లెంటిల్ సూప్ కనిపిస్తే మన ఎర్ర కందిపప్పే కదా అనిపిస్తుంది. చాలా చోట్ల దాన్ని పంది ఎముకతో కాచిన నీళ్లలో వండుతారు. అడిగి తీసుకోండి. చిన్న ఊళ్లలో కొట్లు లేవు, ఉన్నా ఆదివారం త్వరగా మూసేస్తారు. నేను కెల్సోలోనో కోల్డ్‌స్ట్రీమ్‌లోనో బ్రెడ్, జున్ను, అరటిపళ్లు నింపుకుంటాను. ఇంటి నుంచి ఆవకాయ చిన్న డబ్బా ఎప్పుడూ ఉంటుంది. పొలాల గేట్ల దగ్గర కోడిగుడ్లు పెట్టిన చిన్న అలమరాలు కనిపిస్తాయి. పక్కనున్న డబ్బాలో డబ్బులు వేసి తీసుకోవడమే, కాపలా ఎవరూ ఉండరు. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలంటే మే, జూన్. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, చీకటి పడుతుందేమో అని పరుగెత్తే పని లేదు. డిసెంబరులో పగలు ఏడు గంటలే, రోడ్డు మీద మంచు గడ్డకడుతుంది. అప్పుడు వెళ్లమని కొత్తవాళ్లకు సలహా ఇవ్వను.

వెళ్లడం తేలిక. 2015లో తెరిచిన బోర్డర్స్ రైలు ఎడిన్‌బరా నుంచి గంటలో మెల్‌రోజ్ పక్కనున్న ట్వీడ్‌బ్యాంక్ చేరుస్తుంది, సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. చోటు కొద్దిగానే ఉంటుంది కాబట్టి సెలవు రోజుల్లో పొద్దున్నే బండి ఎక్కండి. బెరిక్ నుంచి తిరిగొచ్చే దూరప్రయాణపు రైళ్లలో మాత్రం సైకిల్‌కు ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. మీ సీటుతో పాటే అది కూడా చేసేయండి.