ముపిరోసిన్ 2% ఆయింట్‌మెంట్: దేనికి వాడాలి, దేనికి వద్దు

మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర బతికే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బ్యాక్టీరియా తయారుచేసే మందు ఇది. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా అయిన మొండి ఎంఆర్‌ఎస్‌ఏ మీద కూడా పనిచేయడమే దీని గొప్ప. క్రిమి ప్రోటీన్‌లోకి ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం చేరకుండా ఒక ఎంజైమును పట్టేస్తుంది. మామూలు యాంటీబయాటిక్‌లు దాని జోలికి పోవు. అందుకే వాటికి లొంగనిది దీనికి లొంగుతుంది.

చీము పొక్కులైతే పక్కు నానబెట్టి మెల్లగా తీసి, పలుచగా రోజుకు 3 సార్లు రాయాలి, 10 రోజులకు మించకూడదు. 3–5 రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ముక్కులో దాగిన ఎంఆర్‌ఎస్‌ఏకు రోజుకు 2 సార్లు, 5 రోజులు. దానికి ముక్కు కోసం చేసిన రకమే కొనండి. మామూలు ట్యూబులో మందును కలిపే పాలిఇథిలీన్ గ్లైకాల్ ముక్కు లోపలి పొరను మండిస్తుంది. పెద్ద కాలిన గాయాల మీద రాస్తే ఆ గ్లైకాల్ ఒంట్లోకి ఇంకి కిడ్నీలకు చేటు. ఫంగస్ వల్ల వచ్చే తామరకు దండగ. నెలల తరబడి రాస్తే క్రిమి దీనికీ మొండికేస్తుంది.