గార్డులను పంపే ఏజెన్సీ: కాపలా బాగుంది, జీతాల పద్ధతి బాగోలేదు

హైదరాబాద్ మియాపూర్ ప్రాంతంలోని మా అపార్ట్‌మెంట్‌కు ఏడాదికి పైగా ఒక ప్రైవేటు ఏజెన్సీ సెక్యూరిటీ గార్డులను పంపుతోంది. కాపలా విషయంలో ఈ సంస్థ మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. ఒకరు సెలవు పెడితే అదే షిఫ్టుకు రిలీవర్ వస్తాడు, వచ్చీపోయేవారి వివరాలు రిజిస్టరులో సక్రమంగా నమోదవుతాయి, రాత్రి రౌండ్లు తప్పవు. అయినా ఈ సంస్థను మరొకరికి సిఫారసు చేయలేను. కొత్తగా చేరిన ప్రతి గార్డుకూ మొదటి పదిహేను రోజుల జీతాన్ని తన దగ్గరే పట్టి ఉంచుకోవడం దీని పద్ధతి.

ఒకటో తేదీన చేరిన గార్డుకు మొదటి జీతం మరుసటి నెల పదో తేదీ దాటాక గానీ అందేది కాదు, వచ్చేది కూడా సగమే. నెల జీతం 15,000 రూపాయలనుకుంటే 7,500 ఏజెన్సీ దగ్గర ఆగిపోతుంది. మిగిలిన సగంలో నుంచి యూనిఫాం, బూట్ల ఖర్చు కూడా కోసేవారు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి, గది అద్దెకూ అడ్వాన్సుకూ అప్పు తెచ్చుకున్న మనిషి ఆ నలభై రోజులు ఏం తిని బతకాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. కొందరు సూపర్‌వైజరు దగ్గరే వడ్డీకి తీసుకుంటున్నారని తెలిసి నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే తాము కష్టపడి సంపాదించిన డబ్బు ఆగిపోయినందుకు వారే వడ్డీ కట్టవలసి వస్తోంది.

ఈ విషయం అడిగితే, కొత్తవాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తారనీ, నెల ముందు నోటీసు ఇచ్చి మానేసినవారికి ఆ సొమ్ము తిరిగి ఇస్తామనీ ఏజెన్సీ ప్రతినిధి చెప్పారు. మనుషులు నిలవకపోవడం ఈ రంగంలో నిజమైన సమస్యే. కానీ పన్నెండు గంటల షిఫ్టు, వారపు సెలవు సరిగా దొరకని పని, ఆలస్యంగా వచ్చే జీతం ఉన్నచోట మనిషిని నిలబెట్టేందుకు అతని కూలినే తాకట్టుగా ఉంచుకోవడం న్యాయం కాదు. ఇల్లు గడవని అత్యవసరం వచ్చి అకస్మాత్తుగా ఊరికి వెళ్లిపోయినవారే ఆ డబ్బును ఎక్కువగా వదులుకుంటున్నారు.

మా కమిటీ సభ్యులు గమనించవలసిన ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. గార్డు డ్యూటీ ఎక్కిన మొదటి రోజు నుంచే ఏజెన్సీ మాకు బిల్లు వేస్తోంది. సర్వీసు ఛార్జీ, 18 శాతం జీఎస్టీ కలిపి దాన్ని మేము ప్రతి నెలా మొదటి వారంలోనే చెల్లిస్తున్నాము. అంటే ఆగిపోయినది మేము ఇవ్వని డబ్బు కాదు, గార్డు పేరున మేము ఇచ్చేసిన డబ్బు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతాన్ని మరుసటి నెల ఏడు రోజుల్లోగా చెల్లించాలి. ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. జీతం నుంచి ఏయే కోతలు చేయవచ్చో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం జాబితాగా ఇచ్చింది, కొత్త కోడ్ కూడా ఇచ్చింది. మానేయకుండా ఉండేందుకు హామీగా జీతం ఆపుకోవడం ఆ జాబితాలో లేదు.

ఈ ఏజెన్సీతో గానీ, ఇలాంటి మరొకదానితో గానీ ఒప్పందం చేసుకునే అసోసియేషన్లు రేటు బేరమాడే ముందే మొదటి జీతం ఎప్పుడు, ఎంత ఇస్తారని అడిగి, ఆ జవాబును ఒప్పందంలో రాయించుకోవాలి. ప్రతి నెలా బిల్లుతో పాటు గత నెల జీతాలు బ్యాంకులో పడినట్టు ఆధారం కూడా తెప్పించుకోవాలి. మేము ఆ షరతు పెట్టిన తరువాత జీతం మునుపటికన్నా కొంత త్వరగా వస్తోంది, యూనిఫాం కోత ఆగింది.

కాపలాకు ఐదింట నాలుగు మార్కులు ఇవ్వవచ్చు. మొత్తం మీద నేను ఇస్తున్నవి రెండే. ఇటీవల చేరిన ఇద్దరు గార్డుల పదిహేను రోజుల జీతం ఇంకా ఏజెన్సీ దగ్గరే ఉంది. అది వారి ఖాతాల్లో జమ అయిన రోజున ఈ మార్కులను సవరిస్తాను.