కొయ్య చెక్కడాల పోటీ ప్రదర్శన: బహుమతి తేలింది లకుముకి కాలివేళ్ల దగ్గరే

రెండు రోజుల ప్రదర్శన ఇది. హాలు నిండా బల్లలు, వాటి మీద నల్లగుడ్డ, దాని మీద వరసగా చెక్కడాలు. పక్షులు ఒకవైపు, పలక మీద దృశ్యాన్ని ఉబ్బెత్తుగా చెక్కిన ఫలకాలు ఒకవైపు, నవ్వు పుట్టించే మనుషుల బొమ్మలు ఇంకోవైపు, కత్తి మొనతో గీసిన పళ్లేలూ పెట్టెలూ చివర్న. ముందే చెప్పేస్తే: చెక్కడాలు చాలా గొప్ప స్థాయిలో ఉన్నాయి, తీర్పులు నిక్కచ్చిగా ఉన్నాయి, లైట్లు మాత్రం ఫలకాలకు అన్యాయం చేశాయి. కొయ్యపని తెలిసినవాళ్లకు ఒక పూట చాలదు.

తీర్పు ఎలా ఇస్తారో తెలిస్తే చూడటం తేలికవుతుంది. కొత్తవాళ్లు, మధ్యస్థాయి, ఆరితేరినవాళ్ల ఓపెన్ అని మూడు మెట్లు, ఒక్కో మెట్టులో మళ్లీ విభాగాలు. బల్ల మీద పేరుండదు, నంబరు చీటీయే ఉంటుంది. ముగ్గురు న్యాయనిర్ణేతలు ముందు విభాగాలవారీగా మొదటి మూడు స్థానాలు తేలుస్తారు. మొదటొచ్చినవాటిని పక్కపక్కన పెట్టి ఆ మెట్టుకు మేటిని ఎంచుతారు. ఆఖర్న ప్రదర్శన మొత్తానికి మేటి చెక్కడం. యంత్రంతో నకలు తీసిన దిమ్మె తెచ్చి మెరుగులు దిద్దితే ఓపెన్‌లో కుదరదు, మొదటి కోత నుంచి చివరి పూత దాకా పోటీదారు చేతి పనే కావాలి.

ప్రదర్శన మేటి బహుమతి లకుముకి పిట్టకు దక్కింది. టుపెలో కొయ్య. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు చిత్తడి నేలల్లో పెరిగే ఈ చెట్టు మొదలు ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బిన భాగమే పక్షులు చెక్కేవాళ్లకు బంగారం. తేలిక, నార (కొయ్యలో పోగులు సాగే తీరు) సన్నం, ఈకల కోసం వేడి పెన్నుతో కాల్చిన గీత దగ్గర పీచు లేవదు. బాస్‌వుడ్ అనే మెత్తటి కొయ్య మీద అదే గీత కాలిస్తే అంచుల్లో నూగు లేచి, రంగు పడ్డాక ఈక తడిసినట్టు కనిపిస్తుంది.

ఈ పిట్ట దగ్గర ముందు చూడాల్సింది రంగు కాదు, కాళ్లు. లకుముకికి ముందుకు తిరిగిన మూడు వేళ్లలో బయటిదీ మధ్యదీ చాలా దూరం అతుక్కుని ఉంటాయి. అదే బల్ల మీదున్న ఇంకో రెండు లకుముకులకు మూడు వేళ్లూ విడివిడిగా ఉన్నాయి, వాటి స్థానాలు కిందకి పోవడానికి అదొక్కటే చాలు. గెలిచిన పిట్టలో ఆ జంట వేళ్లు కొమ్మను ఒకే పట్టుగా పట్టుకున్నాయి, పిట్ట బరువు అక్కడ ఆనుతోందని కంటికి తెలుస్తోంది. రాగి తీగ మీద ఎపాక్సీ పుట్టీతో (కలిపాక గట్టిపడే ముద్దతో) చేసిన కాళ్లివి, ఈ విభాగంలో దానికి అనుమతి ఉంది.

తల ఎడమకు తిరిగి ఉంది. ముక్కేమో పొడవు. తలా ఒళ్లూ ఒకే దిమ్మెలో చెక్కితే ముక్కుకు నార అడ్డంగా పడి, చిన్న తాకిడికే పుటుక్కుమంటుంది. అందుకే తలను విడి దిమ్మెలో, నార ముక్కు పొడవునా సాగేలా చెక్కి మెడ దగ్గర అతికించారు. ఇలాంటి అతుకు పెట్టిన రోజున కనపడదు. రెండు ముక్కల్లో తేమ ఒకేలా లేకపోతే కొన్ని నెలలకు ఒకటి ఎక్కువ కుదించుకుని, రంగు కింద జుట్టంత సన్నని గాడి తేలుతుంది. ఇక్కడ అతుకు మెడ ఈకల వరస అంచు వెంబడే పోయింది. పక్కనుంచి టార్చి వేసి చూసినా దొరకలేదు.

ఈకల గీతలు భుజం మీద అంగుళానికి 80కి తక్కువ లేవు. సంఖ్య కంటే వాటి వంపు ముఖ్యం. ఈక కాడ నుంచి అంచుకు పోయే పోగు తిన్నగా పోదు, కాస్త వంగి, చివర్లో కొన వైపు మళ్లుతుంది. అన్నీ తిన్నగా గీస్తే దువ్వెన పళ్లలా ఉంటాయి. కాల్చే పెన్ను వేడి ఎక్కువైతే గీత నల్లబడి మసి పడుతుంది, లేత రంగు కింద ఆ నలుపు తొంగిచూస్తుంది. ఇక్కడ గీత లేత గోధుమ రంగు దాటలేదని రెక్క కింద, రంగు పలచగా ఉన్న చోట తెలిసిపోతుంది.

ఇక నీలం. లకుముకి వీపు నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును వెదజల్లడం వల్ల వస్తుంది. డబ్బాలోని నీలం ఒక్కటే పట్టిస్తే పిట్ట ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. చిక్కటి రంగు వేస్తే అంత కష్టపడి కాల్చిన గీతలూ పూడిపోతాయి. నీళ్లలా పలచన చేసిన ఎక్రిలిక్‌ను పొర మీద పొరగా, ప్రతి పొరా ఆరాక వేస్తూ పోవాలి. మెరుపు పొడి చిటికెడు చాలు, అదీ వీపు మధ్య గీతకే. ఈ పిట్ట చుట్టూ ఒక అడుగు పక్కకి జరిగితే నీలం కాస్త పచ్చలోకి తిరుగుతుంది. ఆ ఒక్క అడుగు కోసమైనా ఈ ప్రదర్శనకు వెళ్లొచ్చు.

ఫలకాల్లో మొదటిది అడవిదారి చివర సగం తెరిచిన గుడిసె తలుపు. బాస్‌వుడ్ పలక మందం అంగుళంన్నర, కానీ దారి ఎంతో లోపలికి పోతున్నట్టుంటుంది. ముందు చెట్ల అంచుల కింద కొయ్యను వెనక్కి తొలిచి నీడ పుట్టించారు, వెనక్కి పోయేకొద్దీ కోతల లోతు తగ్గించి, వివరం తగ్గించి, దాదాపు చదును చేశారు. కొత్తవాళ్లు దూరపు చెట్టుక్కూడా ప్రతి ఆకూ చెక్కుతారు, దాంతో దూరం దగ్గరకొచ్చేస్తుంది. కింద తొలవడానికీ హద్దుంది. అంచు మరీ పలచనైతే నార అడ్డంగా ఉన్నచోట పెచ్చు లేస్తుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పనిచేసిన శిల్పి గ్రిన్‌లింగ్ గిబ్బన్స్ లైమ్‌వుడ్‌లో పూలరేకుల్ని కాగితమంత పలచగా తేల్చాడంటే ఆ కొయ్య ఏ వైపు కోసినా మెత్తగా తెగడం వల్లే. బాస్‌వుడ్ దానికి దగ్గరి చుట్టమే, రెండూ టిలియా జాతి చెట్లే.

ఇంత నీడ పుట్టించిన ఫలకాన్ని తిన్నగా ముందునుంచి పడే తెల్ల లైటు కింద పెట్టారు. నీడంతా చచ్చిపోయింది. ఇది నిర్వాహకుల పెద్ద లోపం. ఫలకానికి వెలుతురు ఒక పక్కనుంచి, ఏటవాలుగా పడాలి. న్యాయనిర్ణేతలు టార్చి పట్టుకుని తిరిగారు కాబట్టి వాళ్లకు కనిపించింది, చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ అదృష్టం లేదు. మీరూ చిన్న టార్చి తీసుకెళ్లండి, ఫలకం పక్క అంచుకు దగ్గరగా పట్టుకుని వేయండి. తలుపు వెనక చీకటి అప్పుడు తెరుచుకుంటుంది.

ఇదే విభాగంలో రెండు మంచి ఫలకాలు బల్ల మీద ఒక మూల పైకి లేచి ఊగుతున్నాయి. కారణం ఒకటే: ముందువైపు వార్నిష్ వేసి వెనక వదిలేశారు. వెనకభాగం తేమ పీల్చి, వదిలి, పలక వంగిపోయింది. పూత రెండు వైపులా సమంగా పడాలి. పని ఎంత బాగున్నా ఇక్కడ మార్కులు పోతాయి, పోవాలి కూడా.

మనుషుల బొమ్మల్లో సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలాయన అందరి మనసూ దోచాడు. ఒక కన్ను మూసి, నాలుక కొన పళ్ల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టాడు. దిమ్మె మూలను ముక్కుగా తీసుకుని చెక్కిన ముఖం కావడంతో బుగ్గలు రెండు వైపులా వెనక్కి వాలాయి. దిమ్మె చదును పక్క మీద చెక్కినవాళ్ల బొమ్మలు పళ్లెం ముఖాలతో తేలిపోయాయి. చేతుల్ని విడిగా, నార వేళ్ల పొడవునా ఉండేలా చెక్కి చొక్కా చేతుల్లోకి దూర్చారు. ఉప్పు కాగితం ఎక్కడా తగలలేదు, ప్రతి కోతా అద్దంలా మెరుస్తోంది. ఉలి అంచులో చిన్న గంటు ఉన్నా కోత మీద తెల్లటి గీత పడుతుంది. ఈ బొమ్మ మీద ఒక్క గీత లేదు.

గీతల పళ్లేల్లో గెలిచిందీ చక్కటి పనే: ప్రతి త్రికోణపు గుంట అడుగునా మూడు వాలులూ ఒకే బిందువు దగ్గర కలిశాయి, కత్తి ఎక్కడా హద్దు దాటలేదు.

మధ్యస్థాయిలో ఓడిన పెద్ద విగ్రహాల్లో బీటలే ఎక్కువ. దుంగ నడిబొడ్డును లోపలే ఉంచేసి చెక్కారు. కొయ్య ఎండేటప్పుడు వలయాల వెంబడి కుదింపు, కేంద్రం వైపు కుదింపు కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది, ఆ తేడా ఎక్కడో ఒకచోట పగులుగా బయటపడాల్సిందే. 1500 ప్రాంతంలో టిల్‌మాన్ రీమన్‌ష్నైడర్ వంటి జర్మన్ శిల్పులు విగ్రహాల వీపు తొలిచి నడిబొడ్డు తీసేసేవారు. అదే ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. న్యాయనిర్ణేతల అభిప్రాయాల చీటీ మొదటి మూడు స్థానాలకే ఇచ్చారు. అది ఎక్కువ అవసరమైంది ఈ బీటలు పడ్డ విగ్రహాల వాళ్లకి. వచ్చేసారి అందరికీ ఇవ్వాలి.

రెండో రోజు చివరి గంట వదులుకోకండి. చెక్కినవాళ్లు వచ్చి తమ పనులు సర్దుకునే సమయం అది, అడిగితే ఎత్తి అడుగు చూపిస్తారు. లకుముకి పీఠం అడుగున కొయ్య పేరు, పూర్తయిన నెల, సంతకం ఉన్నాయి. పైన ఎంత నున్నగా పూత పడిందో, ఎవరూ చూడని ఆ అడుగునా అంతే నున్నగా పడింది.